వాగవతలి ఎనిమిది ఇళ్ళు

మూడు రోజులు కొట్టిన తుఫాను నాలుగో రోజు పొద్దున వదిలింది. నిజామాబాదు జిల్లా వర్ని దగ్గరి ఆ ఊళ్ళో కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. నిలువెత్తు చెరకంతా ఒక్క దిక్కుకే ఒరిగిపోయి తోటల్లో బాట కనబడకుండా పోయింది. సగం ఇళ్ళకు పైకప్పులు లేవు.

గ్రామసేవకుడు బాలనర్సయ్యకు పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఉత్తర్వు అందింది. ప్రతి ఇంట్లోకి పోయి గోడలు చూడాలి. నానిపోయిన గోడలుంటే ఆ ఇంటివాళ్ళను బడిలోకి పంపాలి. సాయంత్రానికి పట్టిక రాసి జీపులో పంపాలి.

బాలనర్సయ్యది నిజామాబాదు టౌను. ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. పొద్దున్నుంచి మోకాటి లోతు బురదలో ఇల్లిల్లూ తిరిగాడు. గోడలు తట్టి చూశాడు, ముసలివాళ్ళను చేయి పట్టి బడిదాకా నడిపించాడు. వాగు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమవుతోంది. అవతల ఎనిమిది ఇళ్ళు మిగిలాయి. వాగులో నీళ్ళు నడుము దాకా ఉన్నాయి గాని దాటలేనంత వడి లేదు. అవతలివాళ్ళు పొద్దున్నుంచి అటూ ఇటూ దాటుతూనే ఉన్నారు.

ఊరి మొదట్లో జీపు హారను మోగింది. పొద్దుటి నుంచి అతని కడుపులో ఏమీ పడలేదు. గట్టు మీద నిలబడి చూశాడు. ఎనిమిది కప్పులూ ఉన్నాయి, గోడలు నిలబడే ఉన్నాయి. ఒక ఇంటి ముందు నుంచి ఒకామె చేయి ఊపింది. అంతా బాగానే ఉందంటోంది అనుకున్నాడు. తనూ చేయి ఊపి, ఎనిమిది ఇళ్ళకూ కలిపి 'చూడబడినవి, ప్రమాదం లేదు' అని రాసి జీపు దగ్గరికి పరుగెత్తాడు.

అయిదో రోజు ఎండ కాసింది. నానిన మట్టి ఎండకు విడిచి, మధ్యాహ్నం చంద్రవ్వ ఇంటి వెనక గోడ లోపలికి పడింది. చంద్రవ్వ మొగుడు పోయిన మనిషి. బీడీలు చేసి అత్త హన్మవ్వను సాకుతోంది. గోడ వారకు కూర్చుని బీడీలు చుడుతుంటే కుడిచేయి మట్టి కిందికి పోయింది. చెరకు బండి మీద బోధన్ దవాఖానకు తీసుకుపోయారు. బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు.

ఆ మాట విన్నాక బాలనర్సయ్య మనిషి మారిపోయాడు. సమితి చుట్టూ తిరిగి వెదుళ్ళు, పెంకులు తెప్పించాడు. పడిపోయిన చెరకు ఎండకముందే చక్కెర ఫ్యాక్టరీ తీసుకోవాలని బోధన్ పోయి, పై ఆఫీసరు గది ముందు రెండు రోజులు కూర్చుని ఒప్పించుకొచ్చాడు. రైతులతో కలిసి తనూ బండ్లకెత్తాడు. చెరకాకు కోసుకుని చేతులకు గాట్లు పడ్డాయి.

"గిసొంటి సారును నేనైతే సూడలే," అన్నాడు సర్పంచి నర్సన్న పదిమందిలో. "సొంత అన్నదమ్ములు గూడ గింత జెయ్యరు."

బాలనర్సయ్య తల ఎత్తలేదు. వాగవతలికి వెదుళ్ళు పంపాడు, పెంకులు పంపాడు. తను మాత్రం దాటలేదు. అక్కడ కాలు పెడితే ఎవరో ఒకరు ఆ సాయంత్రం సంగతి ఎత్తుతారని భయం.

పన్నెండో రోజు చంద్రవ్వ దవాఖాన నుంచి వచ్చిందని తెలిసింది. ఆ పొద్దున వాగు దాటాడు. కూలిన గోడకు తడిక కట్టి ఉంది. చంద్రవ్వ చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. హన్మవ్వ పీట వేసింది గాని అతను కూర్చోలేదు.

"చంద్రవ్వా, ఒక మాట చెప్పాలె," అన్నాడు. "ఆనాడు నేను మీ ఇండ్లు చూడలే. గట్టు మీద నిలబడి చూసినట్టు రాసిన."

"నాకెర్కే సారు," అంది చంద్రవ్వ. గొంతులో కోపం లేదు. అదే అతనికి కష్టమనిపించింది. "చెయ్యి ఊపింది నేనే. గోడ పగిలింది, జెర వచ్చి సూడుమని పిలిసిన. నువ్వు గూడ ఊపి పోయినవ్."

హన్మవ్వ పక్కకు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "బడికి పోదామత్తా అని పిల్ల అననే అన్నది. నేనే వద్దన్న. సర్కారు సారు సూసిపోయిండు గద, గోడకేం గాదన్న. నా నోరు పడిపోను."

తను మోయవలసినది ఈ ముసలామె వారం రోజులుగా మోస్తోందని బాలనర్సయ్యకు అప్పుడు తెలిసింది. "నీ తప్పేం లేదవ్వా. అంత నాదే," అన్నాడు.

"గదంత మల్ల మాట్లాడుకుందాం," అంది చంద్రవ్వ. "మిగిలిన ఏడిండ్లు సూసినవా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"సూడలేదా? ఇంక నా దగ్గర నిలబడ్డవేంది సారు? పో. అత్తా, నువ్వు గూడ పోయి సూపియ్యి."

ఇద్దరూ ఇంటింటికీ పోయారు. మూడు ఇళ్ళు బాగానే ఉన్నాయి. నాలుగో ఇల్లు పోశన్నది. వడ్లగుమ్మి వెనక ఏముందో చూడాలన్నాడు బాలనర్సయ్య. "ఏం లేదు సారు, మంచిగనే ఉన్నది," అన్నాడు పోశన్న. అయినా బాలనర్సయ్య గుమ్మి జరిపించాడు. వెనక గోడ నిట్టనిలువునా చీలి ఉంది. చేయి పెడితే మణికట్టు దాకా పోయింది. దాని పక్కనే పోశన్న పిల్లలు ముగ్గురూ పడుకునే చాప. పోశన్న అక్కడే కూలబడ్డాడు. మధ్యాహ్నానికి సామాను బయటపెట్టి, మోకులు కట్టి గోడను తామే లాగేశారు. తర్వాతి రెండిళ్ళూ బాగానే ఉన్నాయి. చివరింటి గోడ ఒరిగి ఉంటే దుంగలతో పోట్లు పెట్టి ఆ ఇంటివాళ్ళను బడికి పంపారు.

మర్నాడు సమితి ఆఫీసరు బాపురావు ముందు బాలనర్సయ్య ఒక కాగితం పెట్టాడు. ఎనిమిది ఇళ్ళూ చూడకుండానే చూసినట్టు రాశానని అందులో ఉంది.

"ఎవరన్న ఫిర్యాదు చేసిన్రా?" అన్నాడు బాపురావు.

"లేదు సార్."

"మరి గిదెందుకు? పని మంచిగ చేసినవని పైకి నీ పేరు పంపిన. కాగితం జేబుల పెట్టుకొని పో."

"నా పేరు తీసేయుండ్రి సార్. చంద్రవ్వ ఇల్లు సర్కారు సాయం పట్టికల ఎక్కాలంటే నేను రాసింది తప్పని తేలాలె."

బాపురావు కాగితం తీసుకున్నాడు. చంద్రవ్వ ఇల్లు పట్టికలో చేరింది, సంక్రాంతికల్లా గోడ లేచింది. బాలనర్సయ్యకు ఒక ఇంక్రిమెంటు ఆగింది, ధర్పల్లికి బదిలీ అయింది. అతను చూడకుండా రాసిన సంగతి ఊళ్ళో తెలిశాక కొందరు మాట్లాడటం మానేశారు. నర్సన్న మాత్రం బస్సు దాకా వచ్చి పెట్టె ఎక్కించాడు.

మరుసటి ఏడు ఎండాకాలంలో పనిమీద వర్ని వచ్చిన బాలనర్సయ్య చంద్రవ్వ ఇంటికి పోయాడు. హన్మవ్వ బీడీలు చుడుతోంది. ఆమె వేళ్ళు నిదానం. చంద్రవ్వ ఎడమచేత కత్తెర పట్టి ఆకు కత్తిరిస్తోంది. అంచులు సాఫుగా రావడం లేదు. ఇదివరకు దినానికి వెయ్యి చేసేది, ఇప్పుడు ఇద్దరూ కలిసి నాలుగు వందలు.

"కూసో సారు," అంది. చల్ల ఇచ్చింది. ధర్పల్లిలో ఎండలెట్లున్నాయని అడిగింది.

క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. అడిగితే ఏం గాదులే సారు అని ఆమే తనను ఓదార్చాల్సి వస్తుంది. ఆ పని కూడా ఆమె మీద పెట్టడం ఇష్టం లేకపోయింది. చల్ల తాగి, నాలుగింటి బస్సు దాకా అక్కడే కూర్చుని, కత్తిరించిన ఆకును కట్టలు కట్టి పెట్టాడు.