నీలం పేలిక

నీటికోళ్లను పట్టేటప్పుడు మన నీడ నీళ్ల మీద పడకూడదని మా తాత చెప్పేవాడు. తాడు మెరవకుండా బురద పూసేవాడు. చివరికి ఉచ్చుకు మా ఇంటి గుర్తుగా ఒక పేలిక కట్టేవాడు. అది లేకపోతే ఊళ్లో ఇంకెవరైనా వచ్చి మా పిట్టను ఎత్తుకుపోతారు.

దుబాయ్ దగ్గరి సజ్జాలో మా నాయిన రాజలింగం కాపలా ఉండే తోట వెనుక ఒక మడుగు ఉంది, చుట్టూ తుంగ. నేనూ అమ్మా విజిట్ వీసా మీద వచ్చి నెలైంది.

"దుబాయ్‌ల గూడ నీటికోడి కూర తినిపిస్త బిడ్డా" అని నాయిన నిన్న ఉచ్చు పెట్టాడు. తాత చెప్పిందేదీ మరవలేదు. గుర్తు కోసం నా నీలం చున్నీ అంచు చింపాడు.

ఈరోజు పొద్దున నాయిన కూరగాయల బండితో వెళ్లాడు. అమ్మ జ్వరంతో పడుకుంది. పక్క తోట కాపలాదారు షావలి తలుపు కొట్టాడు. ఆయనది కడప వైపు.

"పాపా, మీ నాయన యాడ?"

లేడన్నట్టు తల ఊపాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు.

"మాటలు ఇండియాలోనే మూటగట్టి పెట్టొచ్చినావా? విను. మా ముదీర్, అదే మా మేనేజరు, మడుగు చూడ్డానికి వస్తాండాడు. పిట్టలు పట్టినోడు దొరికితే వీసా ఖలాస్." ఆయన నా చున్నీ వైపు చూశాడు. "తుంగలో ఇట్లాంటి గుడ్డే చూసినా తల్లీ."

నాయిన ఫోన్ ఎత్తలేదు. మడుగుకు పరుగెత్తాను.

ఉచ్చులో నీటికోడి ఉంది. తాడు కట్టిన గూటం లాగితే రాలేదు. ఇంతలో గట్టు మీద తెల్ల కారు వచ్చి ఆగింది. బురదలో మోకాళ్ల మీద కూర్చుని, పిట్ట అరవకుండా దాని తల మీద చున్నీ కప్పాను.

ముదీర్ దిగడు. కార్లోనే ఫోన్ మాట్లాడుతున్నాడు. లేద్దామంటే కనిపిస్తాను, జరుగుదామంటే తుంగ కదులుతుంది. పిట్ట గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది. కాళ్లు మొద్దుబారాయి.

కారు తలుపు తెరుచుకుంది. ఏం తోచక, గూటం దగ్గర తాడును పళ్లతో కొరికి పిట్టను వదిలేశాను. అది రెక్కలు కొట్టుకుంటూ అవతలి తుంగలోకి పోయింది.

"చిడియా హై సార్, బస్!" ఉత్త పిట్టేనంటూ, కారు దగ్గరికి వచ్చిన షావలి గట్టిగా నవ్వాడు. కాసేపటికి కారు వెళ్లిపోయింది.

గదికి వచ్చి చున్నీ పిండుతుంటే అప్పుడు తట్టింది. నేను కొరికింది గూటం వైపు. పేలిక పిట్ట కాలి వైపే ఉండిపోయింది.

మధ్యాహ్నం నాయిన వచ్చాక అంతా చెప్పాను. తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఈడ మన పిట్టను ఎత్కపోయేటోడు ఎవడున్నడు నాయినా? గుర్తెందుకు కట్టినవ్?"

"చేతులకు అలవాటు బిడ్డా. కట్టినట్టే తెల్వలె."

చున్నీని పొయ్యిలో కాల్చేశాడు. ఇండియా విమానం ఎక్కేదాకా నన్ను గడప దాటొద్దన్నాడు. దానికింకా రెండు నెలలుంది.

కిటికీలోంచి మడుగు కనిపిస్తుంది. ముదీర్ మళ్లీ వచ్చి గట్టు మీద నడుస్తున్నాడు. నీటికోడి ఎక్కడికీ పోలేదు. తుంగ బయట, ఎండలో, కాలికి నీలం పేలిక ఈడ్చుకుంటూ మేస్తోంది.