ఆఖరి గంతు తర్వాత

కాపలాదారు గడ్డిబీడు గేటు పక్కన చెప్పులు విప్పి, తిరిగొచ్చేటప్పుడు తిన్నగా తొడుక్కునేందుకు వాటి ముందువైపు బయటికి తిప్పి పెట్టాడు. చెయ్యెత్తినా కనబడనంత ఎత్తు గడ్డిలో చెప్పుల చప్పుడుకి పిట్ట బెదురుతుందని ఏళ్ళ తరబడి ఒట్టికాళ్ళతోనే తిరిగాడు. గేటు దగ్గర చెప్పులుంటే మనిషి లోపలున్నట్టు. ఇంట్లోవాళ్ళకి గానీ, కోత యంత్రం నడిపే బావమరిదికి గానీ అంతకుమించిన కబురు అక్కర్లేదు.

నిజానికి ఇవాళ లోపలికి వెళ్ళే పనే లేదు.

ఆయన కాపలా కాసేది గంతుపిట్టకి. కోడంత ఉంటుంది. వానాకాలంలో మగపిట్ట గడ్డిమీదికి నిలువునా ఎగిరి, రెక్కలు టపటపలాడించి, రాయిలా కిందికి దిగుతుంది. ఆ గంతు తప్ప దాని గురించి లోకానికి తెలిసింది బహు తక్కువ. ఆడపిట్టది మట్టిరంగు. గంతులెయ్యదు, కనబడదు. అప్పుడప్పుడూ వచ్చే పరిశోధకురాలిని ఏమడిగినా ఒకటే మాట: తెలియదు. ఎప్పటిదాకా పొదుగుతుందో తెలియదు, పిల్లలేం తింటాయో తెలియదు, వానలు వెనకబట్టాక ఎటు పోతాయో తెలియదు. ఇంత చదువూ చదివి ఇదా అని బావమరిది నవ్వితే ఆమె కోపగించుకోలేదు. "తెలియదని తెలుసుకోవడానికే ఇన్నాళ్ళు పట్టిందండీ" అంది.

తెలియకపోయినా ఏదో ఒక హద్దు గీసుకోక తప్పదు కదా. మగపిట్టల గంతులు ఆగితే పిట్టలన్నీ వెళ్ళిపోయినట్టేనని ఊరి పెద్దలు తీర్మానించారు. అప్పుడు కాపలాదారు కర్రకు కట్టిన ఎర్రగుడ్డ విప్పుతాడు. గుడ్డ దిగితే కోత మొదలు. ఈ ఉదయం ఆయనే స్వయంగా విప్పాడు. విప్పినప్పటి నుంచీ మనసు కీడు శంకిస్తోంది.

పొద్దున ఆ గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంటుంటే ఇంటావిడ మేలమాడింది.

"అయితే మీ రెండో కాపురం ఎత్తేసినట్టేనా?"

ఆయన నవ్వలేదు. "నిన్న సాయంత్రం గడ్డి నడుమ ఏదో కదిలింది."

"గాలేమో."

"గాలి లేదు."

బావమరిదికి మాత్రం చెప్పలేకపోయాడు. గుడ్డ విప్పింది తనే, అనుమానమూ తనకేనంటే ఏం మర్యాద? పైగా మళ్ళీ వానపడితే గడ్డి కుళ్ళుతుంది, పశువులు ఆకలికి మాడతాయి. బావమరిది కత్తులకు పదును పెట్టించుకొచ్చేలోపు ఒక్కసారి చూసొస్తే సరిపోతుందనుకున్నాడు.

గడ్డిలో ఉక్కగా ఉంది. కీచురాళ్ళు కూడా నోరు మూసుకున్నాయి. గడ్డి పాయ తీసుకుంటూ వెళ్ళి, కాలు మోపబోయి ఆగిపోయాడు. రెండడుగుల దూరంలో మట్టే కళ్ళు తెరిచి చూస్తోంది. ఆడపిట్ట. గుడ్లమీద ఉంది. ఆఖరి గంతు అయిపోయి ఎన్నాళ్ళో అయినా, ఇది ఇంకా పొదుగుతూనే ఉంది. ఆయనకు సంతోషంతో పాటు భయమూ వేసింది. ఇన్నేళ్ళూ గుడ్డ దించిన ప్రతిసారీ కత్తులకింద ఎన్ని పోయాయో!

అప్పుడే యంత్రం చప్పుడు వినిపించింది. ఆయన కంగారుపడలేదు. గేటు దగ్గర చెప్పులున్నాయి, చూసి ఆగుతాడు. కానీ గేటువైపు నేల ఇంకా బురదగా ఉందని బావమరిది చుట్టుతిరిగి కాలవవైపు నుంచి దిగాడు. ఇదివరకెన్నడూ అలా దిగింది లేదు.

చప్పుడు దగ్గరపడింది. పక్కకు తప్పుకోవచ్చు. కానీ ఆ గడ్డిలో నాలుగడుగులు వేస్తే ఈ చోటు మళ్ళీ దొరకదు, యంత్రమూ ఆగదు. జేబులోంచి ఎర్రగుడ్డ తీసి చెయ్యి పైకెత్తాడు. గడ్డి చేతికన్నా ఎత్తుగా ఉంది. గట్టిగా కేక వేశాడు. ఆ కేక ఆయనకే వినబడలేదు.

యంత్రం ముందు మట్టిరంగు పిట్ట ఒకటి లేచింది. పుట్టి బుద్ధెరిగాక అలాంటి పిట్టను చూడని బావమరిది నివ్వెరపోయి బ్రేకు తొక్కాడు. పిట్ట లేచిన చోట, కత్తుల కింద ఎర్రగా కనిపించింది. గుడ్డ అనుకున్నాడు. గుడ్డ కూడా ఉంది.

గేటువైపు భోజనం డబ్బా పట్టుకొచ్చిన ఇంటావిడకు గడ్డి అవతల యంత్రం ఆగిపోవడం వినిపించింది. తమ్ముడు తిండికి ఆపాడనుకుంది. ఇక ఈయనా వస్తాడని డబ్బా కింద పెట్టి, నీడ చూసుకుని కూర్చుంది. పక్కనే ఆయన చెప్పులు, ముందువైపు బయటికి తిరిగి ఉన్నాయి.