ఒక్క పిలుపుకి ఇద్దరు

పొద్దున్నే వంటగదిలో అమ్మ పాలు కాస్తుంది. హాల్లో అమ్మమ్మ కళ్లజోడు వెతుక్కుంటుంది. ఇద్దరూ ఒక్క మనిషే. ఆరేళ్ల కిందట మనవరాలు పుట్టినప్పటి నుంచి అందరూ ఆవిడని "అమ్మమ్మా" అని పిలవడం మొదలుపెట్టారు, కన్నకూతురితో సహా. అలా అమ్మమ్మ వచ్చింది గానీ అమ్మ వెళ్లలేదు. జుట్టు నెరవకుండా, అదే వయసులో, పొయ్యి దగ్గరే ఉండిపోయింది. అల్లుడు ఇంకో కుర్చీ కొనుక్కొచ్చాడు, అంతే.

అమ్మమ్మకి భయమల్లా మతిమరుపంటేనే. మొన్న గురువారం బడి ఒంటిపూటే. ఆ సంగతి ఆవిడకి తెలియదు. రోజూలాగే మూడింటికి వెళ్లేసరికి పిల్ల గేటు దగ్గర, ఏడ్చి ఏడ్చి బ్యాగు మీదే నిద్రపోయి ఉంది.

"పొద్దున చెప్పాను కదా!" అంది కూతురు.

"నాకా?"

"నీకు కాక గోడకి చెప్పానా?"

చెప్పే ఉంటుంది అనుకుంది అమ్మమ్మ. కొంగుముడి విప్పి చూసుకున్నట్టు బుర్రంతా వెతికింది. ఆ మాట ఎక్కడా దొరకలేదు.

"సోమవారం నుంచి వ్యాన్ మాట్లాడాం. మీకిక శ్రమ ఉండదు అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

ఆవిడ తలూపింది. రోజు మొత్తంలో ఆవిడ ఎదురుచూసేది ఆ పావుగంట నడక కోసమే.

శనివారం కూతురు ఇంట్లోనే పనిచేస్తూ తల పట్టుకుంది. ప్రోగ్రాములని కంప్యూటర్లలోకి ఎక్కించే ఇన్‌స్టాలర్లు తయారుచెయ్యడం ఆమె ఉద్యోగం.

"ఏమైందే?"

"ఒక ఆసుపత్రికి కొత్త వెర్షన్ ఇచ్చాం. అది ఎక్కింది గానీ పాతది పోలేదు. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. రిసెప్షన్ వాళ్లు పాతదాంట్లో రాస్తున్నారు, డాక్టరు కొత్తదాంట్లో చూస్తున్నాడు. పేషెంటు వస్తే, నువ్వెవరివయ్యా అంటున్నాడట."

"పాతది ఎందుకు పోలేదు?"

"తప్పు నాదే. వెర్షన్ నంబరు మాత్రమే పెంచాలి. ఇంటిపేరు లాంటి కోడ్ ఒకటుంటుంది, దాన్ని ముట్టుకోకూడదు. అదీ మార్చేశాను. కొత్తది పాతదాన్ని చూసి, ఎవరో పరాయివాళ్లులే అనుకుంది."

అమ్మమ్మ వంటగది వైపు చూసింది. గరిటె చప్పుడు వినిపిస్తోంది.

"సరిచేస్తే పాతదాన్ని చంపేస్తారా?"

"అబ్బే. కొత్తది ముందు పాతదాన్ని గుర్తుపట్టాలి. దాని దగ్గరున్నదంతా తీసుకోవాలి. అప్పుడే పాతది లేచి చోటిస్తుంది."

అమ్మమ్మ కాసేపు కళ్లజోడు తుడుచుకుంది.

"ఒంటిపూట సంగతి ఏ గదిలో చెప్పావే?"

కూతురు గరిటె చప్పుడు వైపు చేయి చూపింది. "వంటగదిలో. పాలు కాస్తుంటే, అమ్మకి..."

"మరి నేనెవర్ని?"

కూతురు ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, వచ్చి ఆవిడ మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"అమ్మా," అంది.

"ఆఁ," అన్నారు, హాల్లోంచి ఒకరు, వంటగదిలోంచి ఒకరు. చివరికొచ్చేసరికి అది ఒక్క గొంతే.

గరిటె చప్పుడు ఆగిపోయింది.

"అయ్యో, పాలు!" అని ఆవిడ లేచి పరిగెత్తింది. వంటగదిలో ఎవరూ లేరు. గరిటె పిడి ఇంకా వెచ్చగా ఉంది. ఆవిడ పొయ్యి కట్టేసి అక్కడే నిలబడిపోయింది. ఆరేళ్లుగా ఆ గదిలో చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంటే ఏది ముందో ఏది వెనకో తేలడంలేదు.

"సోమవారం బడిలో ఫొటోలు తీస్తారు. పిల్లకి తెల్ల చొక్కా వెయ్యాలి," అంది చివరికి. "మంగళవారమే చెప్పావు. ఇంకా ఉతకలేదు."

కూతురు ఫోన్ తీసింది. "వ్యాన్ అవసరం లేదండీ," అంది అవతలి వాళ్లతో. "మా అమ్మ వెళ్తుంది."

సోమవారం ఆవిడ పది నిమిషాలు ముందే గేటు దగ్గరుంది.

"అమ్మమ్మా!" అని తెల్ల చొక్కా పరిగెత్తుకొచ్చింది.

తన వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని ఆవిడ ఒక్కసారి తిరిగి చూసింది. ఎవరూ లేరు. బ్యాగు అందుకుంది.