పెద్దవలకు పరదేశపు పాట

సంతోషి గొంతు ఎలా ఉంటుందో కాలేజీలో ఎవరికీ తెలియదు. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ మేడమ్" అంటుంది గాని, ఆ మాట ముందు బెంచీ దాకా కూడా పోదు. అలాంటి పిల్ల చేతిలో, కలకత్తాలో చదువుకుని వచ్చిన ఇంగ్లీషు మేడమ్ కమలకుమారి ఒక శనివారం రెండు క్యాసెట్లు పెట్టారు. పలాస కొట్లలోకి సీడీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి.

రెండింటిలోనూ ఒకే పాట. మూడువందల ఏళ్ళ కిందట జర్మనీలో, చర్చిలో గుంపుగా పాడటానికి కట్టింది. ఒకదాంట్లో రెండువందల మంది పాడారు. రెండోదాంట్లో పదహారు మందే.

"ఏది బాగుందో, ఎందుకు బాగుందో సోమవారం క్లాసులో చెప్పాలి. నీ వల్ల కాకపోతే ఇప్పుడే చెప్పు, శ్రావణికి ఇచ్చేస్తాను," అన్నారు మేడమ్.

శ్రావణి జీడిపప్పు వ్యాపారి కూతురు. మైకు లేకుండానే మైకులా మాట్లాడుతుంది. ఇచ్చేద్దామనే అనుకుంది సంతోషి. కానీ మేడమ్ వినిపించిన కాస్త ముక్క చెవిని వదలడం లేదు. ఇవ్వబుద్ధి కాలేదు. క్యాసెట్లు సంచిలో వేసుకుని, బస్సెక్కి సముద్రం ఒడ్డున ఉన్న తమ ఊరికి వచ్చేసింది.

ఇంట్లో పెద్ద గుంపు పాట పెట్టగానే, వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తున్న నాయనమ్మ సన్యాసమ్మ ఉలిక్కిపడింది.

"ఓలమ్మో, ఎవులు సచ్చిపోనారే?"

"సావు కాదు మామ్మా, దేవుడి పాట."

"ఆ దేవుడికి సెముడేటే, అంతలాగ అరుత్తన్నారు?"

రెండోది పెట్టేసరికి నాన్న దాలయ్య గుమ్మంలో ఆగిపోయాడు. "ఇదీ పాటంటే! ఒకడు ఒగ్గేసరికి ఇంకొకడు అందుకుంతన్నాడు. వల లాగినట్టే ఉంది."

పక్కింటి కన్నయ్య గోడ మీద నుంచి తల పెట్టాడు. "వల లాగాలంటే పెద్దదే ఉండాల బావా. దాన్లో బలం ఉంది."

"నీకు పాటేటి తెలుసురా?"

"నీకు జర్మనీ తెలుసేటి?"

మాటా మాటా పెరిగింది. తెల్లారి వల దగ్గరే తేల్చుకుందామన్నారు.

పెద్దవలను పడవలో తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ వదులుతారు. దాని రెండు కొసల తాళ్ళనూ ఒడ్డున రెండు జట్లు లాగుతాయి. రెండు జట్లూ ఒకే ఊపున లాగితేనే వల తిన్నగా వస్తుంది. అక్కడ పుట్టిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆ ఆదివారం ఉత్తరం తాడు దగ్గర కన్నయ్య టేప్ రికార్డరు, దక్షిణం తాడు దగ్గర దాలయ్య టేప్ రికార్డరు మోగడం మొదలెట్టాయి. పంతం అలాంటిది.

వడిగా సాగే చిన్న గుంపు పాట వెంట దక్షిణం జట్టు గెంతుకుంటూ లాగింది. నిదానంగా సాగే పెద్దదాని వెంట ఉత్తరం జట్టు రథం లాగుతున్నట్టు ఒక్కొక్క అడుగే వేసింది. కాసేపటికి వల పక్కకు తిరిగిపోయింది. కవళ్ళ చేపలు తళతళలాడుతూ సందు చూసుకుని జారిపోతున్నాయి. రెండు జట్ల వాళ్ళూ అవతలి జట్టునే చూస్తున్నారు తప్ప నీళ్ళ వైపు చూసేవాడు లేడు.

మధ్యలో నిలబడ్డ సంతోషి చూసింది.

"ఆపండి! పాటలు రెండూ కట్టేయండి! వల వంకరైపోతంది!"

రెండు జట్లూ ఆగాయి, రెండు పాటలూ ఆగాయి. అరిచింది ఎవరా అని దాలయ్య చుట్టూ చూశాడు.

"మన గుంట సంతోషే!" అంది సన్యాసమ్మ.

సంతోషి మోకాటిలోతు నీళ్ళలోకి దిగి, రెండు వైపులకూ చేతులూపుతూ "లాగు... లాగు..." అని వల ఒడ్డుకు చేరేదాకా కేకేసింది. సగం చేప పోయింది. ఎవరూ తిట్టుకోలేదు. తిడితే తప్పెవరిదో తేలాల్సి వస్తుంది.

"ఇంతకీ నీకేది బాగుందే?" అన్నాడు దాలయ్య.

"సిన్నదే."

"సూసినావా!" అని కన్నయ్య వైపు తిరిగి, మళ్ళీ కూతురితో "ఎందుకో సెప్పు," అన్నాడు.

"తెల్దు నాన్నా. ఇంకా ఇనాల."

ఆ మధ్యాహ్నమంతా టేప్ రికార్డరుకు చెవి ఆనించుకుని కూర్చుంది.

సోమవారం క్లాసులో మేడమ్ రెండూ వినిపించాక లేచి నిలబడి, "చిన్నదే బాగుంది మేడమ్," అంది. ఎందుకో చెప్పకుండానే ఆగిపోయింది.

శ్రావణి ఊరుకోలేదు. "రెండువందల మంది ముందు పదహారు మంది ఎక్కడ ఆగుతారు మేడమ్? పెద్దదే గ్రాండ్‌గా ఉంది!"

వెనక బెంచీలు చప్పట్లు కొట్టాయి. మేడమ్ నవ్వి, "నిజం చెప్పాలంటే నాకూ పెద్దదే ఇష్టం," అన్నారు.

సంతోషి కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"చిన్నది మళ్ళీ పెట్టండి మేడమ్. మొదటి నుంచి."

మేడమ్ ఏదో చెబుతూనే టేపు వెనక్కి తిప్పి బటన్ నొక్కారు. క్లాసంతా గుసగుసలు.

"ఉండండి!" అంది సంతోషి. మేడమ్ కూడా మాట ఆపేశారు. "పాట ఎత్తుకునే ముందు పదహారు మందీ ఒక్కసారే ఊపిరి తీసుకుంటారు. వినబడుతుంది. పెద్దదాంట్లో పాటే ఉంది. దీంట్లో మనుషులున్నారు."

గుసగుసలు ఆగాయి, ఒక్క శ్రావణి మాత్రం పక్కపిల్ల చెవిలో ఏదో చెబుతూనే ఉంది. టేపు సన్నగా బుసకొట్టింది. ఆ వెంటే చిన్నగా గాలి పీల్చిన చప్పుడు. అప్పుడు పాట అందుకుంది.

"మళ్ళీ పెట్టండి మేడమ్, నాకు వినబడలేదు," అంది శ్రావణి.

"నువ్వు మాట్లాడుతున్నావు మరి," అంది సంతోషి.