డోరు మీద మాస్టారి రాత

ఆ యార్డులో పాత కారు నుంచి ఏది ఊడదీసినా దాని మీద రాత పడాల్సిందే. డోరు కానీ, బానెట్ కానీ, డిక్కీ మూత కానీ, నల్ల మార్కర్‌తో మోడల్, సంవత్సరం, ఎడమో కుడో పెద్ద అక్షరాల్లో రాసి అరల్లో నిలబెడతారు. రాసేది ఇరవై రెండేళ్ళుగా ఒక్కరే. అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి కాబట్టి అందరూ ఆయన్ని మాస్టారూ అంటారు. ఆయన బడికి వెళ్ళింది మాత్రం ఐదేళ్ళే.

సరుకు అమ్ముడుపోయాక ఆ రాత తుడిచేది ఆయన కూతురు. రాసినవాళ్ళకి పేరు, తుడిచేవాళ్ళకి నడుంనొప్పి. తుడవడమంటే గుడ్డ పెట్టి రుద్దెయ్యడం అనుకునేరు. థిన్నర్ పోశారంటే రాతతో పాటు రంగు కూడా లేచిపోతుంది. ముందు మెత్తటి గుడ్డని స్పిరిట్‌తో తడిపి, ఎవరికీ కనపడని అంచు మీద అద్ది, కారు రంగు గుడ్డకి అంటలేదని చూసుకోవాలి. ఆ తర్వాతే రాత జోలికి పోవాలి. అదీ అద్దాలి, రుద్దకూడదు. ఎండకి కాగి మొండికేసిన రాతకి ఇంకో కిటుకుంది. అదే మార్కర్‌తో ఆ అక్షరాల మీదే మళ్ళీ రాయాలి. కొత్త సిరా తడికి పాత సిరా కరుగుతుంది. ఆరేలోపు తుడిస్తే రెండూ కలిసి వచ్చేస్తాయి.

అలా ఎనిమిదేళ్ళపాటు తండ్రి గీసిన ప్రతి వంపు మీదా చెయ్యి తిప్పీ తిప్పీ, చివరికి ఆమె రాత ఆయన రాతే అయిపోయింది. పక్కపక్కన పెడితే యార్డులో ఎవరూ తేడా చెప్పలేరు. ఆ విద్య ఎందుకు పనికొస్తుందో అప్పట్లో ఆమెకి తెలీదు.

మూడు నెలల క్రితం ఒక ఉదయం, కుడి డోరు మీద ‘ఎడమ’ అని కనిపించింది. పది అడుగుల దూరం నుంచి బోల్టు చూసి అది ఏ కారుదో చెప్పే మనిషి! ఏదో పరాకులే అనుకుని తుడిచి, ‘కుడి’ అని తనే రాసింది. వారం తిరక్కుండానే ఇంకో రెండు కనిపించాయి. ఆ తర్వాత రోజుకి నాలుగైదు. ఇంట్లో ఆయన భోజనం చేసి లేచి, కాసేపటికి మళ్ళీ కంచం ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. డాక్టరు మందులు రాసిచ్చి, ఈ మతిమరుపు పెరగడమే గానీ తగ్గేది కాదని చెప్పాడు.

యార్డు మానిపిస్తే ఆయన ఏమైపోతాడో అని ఆమె భయం. నిద్ర లేవగానే జేబులో మార్కర్ ఉందో లేదో తడుముకునే మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి ఏం చెయ్యమంటుంది? అందుకే రోజూ అందరికంటే గంట ముందే వచ్చేది. అరలన్నీ వెతికి, తప్పులు తుడిచి, ఆయన అక్షరాలతోనే ఒప్పులు రాసిపెట్టేది. పాపం, తండ్రిని కాపాడుతున్నాననుకుంది.

ఒక గురువారం ఓనరు అందరి ముందూ మాస్టారి భుజం తట్టాడు.

“మూడు నెలలుగా ఒక్క సరుకు కూడా వెనక్కి రాలేదు. మీ అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసేవాళ్ళు ఎవరున్నారు మాస్టారూ? సోమవారం నుంచి బ్రేకుల షెడ్డులో రాసే పని కూడా మీదే.”

మాస్టారు సిగ్గుపడి నవ్వాడు. బ్రేకు సామాను కూతురి దగ్గరికి రాదు. రాత పడ్డ వెంటనే పెట్టెలో పెట్టి, టేపు వేసి, అటునుంచి అటే పంపేస్తారు. ఎడమ చక్రానిది కుడి చక్రానికి బిగిస్తే లోపల బ్రేకు ఆయిల్‌లో గాలి నిలిచిపోతుంది. చూసుకోని మెకానిక్ చేతిలో పడిందంటే, బ్రేకు తొక్కినా బండి ఆగదు. ఆ బండిలో ఎవరుంటారో ఎవరికి తెలుసు?

మధ్యాహ్నం తండ్రి పక్కన కూర్చుని నెమ్మదిగా కదిపింది.

“నాన్నా, ఆ బ్రేకుల పని వద్దని చెప్పరాదూ?”

“ఎందుకూ? నా చెయ్యేమైనా వణుకుతోందా?” అని చెయ్యి చాపి చూపించాడు.

చెయ్యి రవ్వంత కూడా వణకలేదు.

ఓనరు గది దాకా మూడుసార్లు వెళ్ళి, మూడుసార్లూ వెనక్కి వచ్చింది. కన్నతండ్రికి మతి పోతోందని కూతురు నోటితో ఎలా చెప్తుంది? చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. శుక్రవారం ఎడమ డోరు అడిగినవాళ్ళకి ఒక నీలం డోరు అమ్ముడుపోయింది. నిజానికి అది కుడి డోరు. దాని మీద ఆయన ‘ఎడమ’ అని రాశాడు. ఆమె ఆ రాతని దిద్దలేదు, తుడవనూ లేదు. డెలివరీ వ్యాన్ అతను అరల్లోంచి రాత చూసి తీస్తాడు గానీ వస్తువు చూడడు. డోరు పొరపాటైతే ఎవరి ప్రాణమూ పోదు. అది తిరిగొచ్చిందంటే, తను నోరు విప్పకుండానే సంగతి ఓనరుకి తెలుస్తుంది.

శనివారం పొద్దున్నే డోరు తిరిగొచ్చింది. ఓనరు తండ్రీకూతుళ్ళిద్దర్నీ పిలిచాడు.

“ఏంటిది మాస్టారూ?”

మాస్టారు వంగి, అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు.

“ఇది కుడి డోరు సార్. నేను ఎడమ అని ఎందుకు రాస్తాను? ఇది మా అమ్మాయి రాత. రోజూ పొద్దున్నే వచ్చి నేను రాసినవి తుడిచి మళ్ళీ రాస్తోంది. చూశాను. సరదా పడుతోందిలే, చిన్నపిల్ల అని ఊరుకున్నాను.”

ఆ చిన్నపిల్లకి ముప్ఫై నాలుగేళ్ళు. ఆయన అబద్ధం ఆడటం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

“నిజమేనా?” అన్నాడు ఓనరు ఆమె వైపు తిరిగి.

“రాసిన మాట నిజమే సార్. ఇది మాత్రం నాన్న రాసిందే. ఆయన తప్పులు రాస్తున్నారనే దిద్దుతున్నాను. నాన్నకి మతిమరుపు వచ్చింది. డాక్టరు చీటీ తెచ్చి చూపిస్తాను.”

ఓనరు డోరు వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు.

“ఇప్పుడే చూశాగా, మనిషి చూడగానే కుడి డోరని చెప్పాడు. నీ పని తుడవడం. అదీ చెయ్యకుండా పంపావు. పైగా ఆయన రాతని నువ్వు దిద్దుతావా? తప్పు చేస్తే చేశావు, కన్నతండ్రి మీదకి నెడతావా?”

“సార్, దయచేసి బ్రేకుల పని మాత్రం...”

“ఇంక మార్కర్ ముట్టుకోకు. యార్డుకి అందరికంటే ముందు రానూ వద్దు.” ఓనరు సొరుగు తీసి బ్రేకుల షెడ్డు తాళం చెవి మాస్టారి చేతిలో పెట్టాడు. “సోమవారం దాకా ఎందుకు, ఈరోజే మొదలుపెట్టండి.”

బయటికి వచ్చాక ఆమె గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఇంకెవరికి చెప్పుకోవాలో, ఏమని చెప్పాలో తెలియలేదు. మాస్టారు దగ్గరకొచ్చి తల నిమిరాడు.

“ఊరుకో తల్లీ. ఆయన అలాగే అంటాడు. నీకు రాయాలనిపిస్తే రాసుకో. నేను రోజూ గంట ముందొచ్చి, తప్పులుంటే దిద్దిపెడతాను. ఎవరికీ చెప్పనులే.”

ఆమె కళ్ళెత్తి చూసింది. ఆయన తాళం చెవిని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పి, యార్డంతా ఒకసారి కలయజూసి, ఆ బ్రేకుల షెడ్డు ఎటువైపుందని ఆమెనే అడిగాడు.