స్తంభం దగ్గర పెట్టిన పెట్టె

తొమ్మిది రోజుల ముసురు తరవాత ఆ శుక్రవారం పొద్దున్న మా ఊరు సాంచోంగ్‌లో ఎండ కాసింది. ఎండ కోసం నాకంటే ఎక్కువ ఎదురుచూసిన మనిషి మా సందులో ఇంకొకరు ఉండరు, ఎందుకంటే నా ఇంట్లో సామానంతా కాగితమే. మంచం కాగితం, బల్ల కాగితం, పుస్తకాల అర కాగితం. లోపల తేనెపట్టులా గదులు గదులుగా ఉండే మందపాటి అట్టతో పెట్టెలు చేస్తాను. మేకు ఉండదు, జిగురు ఉండదు, ఒకదాని గాడిలో ఇంకొకటి దిగుతుంది. రాత్రి మంచం, పగలు బెంచీ, చుట్టాలొస్తే నాలుగు పీటలు. అగ్గిపెట్టెల్లాంటి ఇళ్లలో సర్దుకు బతికే మాలాంటివాళ్ల కోసం, అందులోనూ పిల్లుల్ని పెంచేవాళ్ల కోసం చేసినవి. కింద అంతస్తులో వర్క్‌షాపు, నాలుగో అంతస్తులో ఒంటిగది ఇల్లు. ఆ గదే నా షోరూము కూడా.

పెట్టెల్లో ఒకదానికి పక్కన గుండ్రటి కన్నం ఉంటుంది. అది మువాజీది. మువాజీ అంటే పిండి అద్దిన బియ్యపు ముద్ద మిఠాయి. నా పిల్లి అచ్చం అలాగే ఉంటుంది, తెల్లగా, మెత్తగా. కళ్లు నీలం. పుట్టు చెవుడు. మూడేళ్ల కిందట ఒక పెద్దమనిషి నా దగ్గర కొన్న పెట్టెకి అంచు నలిగిందని గొడవకొచ్చి, పెట్టె వెనక్కి ఇచ్చేసి, తన పిల్లిని కూడా దాంతోపాటే వదిలేసి పోయాడు. "పిలిస్తే పలకదు, పొగరు" అన్నాడు. అది పొగరు కాదు చెవుడని కనిపెట్టడానికి నాకు వారం పట్టింది. అప్పట్నుంచి పిలవాలంటే అరచేత్తో నేల మీద రెండు దెబ్బలు వేస్తాను. ఆ అదురు కాళ్లకి తెలిసి, ఏ మూల ఉన్నా లేచి వస్తుంది. నలభై నాలుగేళ్ల నాకు మొగుడు లేడు, పిల్లల్లేరు, ఆ బెంగా లేదు. కానీ తలుపు తీయగానే ఎదురొచ్చే ఆ ప్రాణి లేకపోతే ఆ గది నాకు ఇల్లు కాదు. సిగ్గుపడకుండానే చెప్తున్నాను.

ముసురుకి పెట్టెలన్నీ మెత్తబడ్డాయి. తేమ లాగే మిషను వారమంతా తిరిగినా బూజు వాసన పోలేదు. ఎండ చూడగానే ఆరు పెట్టెలు కిందికి మోసి, అంగళ్ల ముందు వసారాలో గాలి బాగా ఆడే స్తంభం దగ్గర పేర్చాను. మోస్తున్నంతసేపూ చెవికీ భుజానికీ మధ్య ఫోను. అవతల మూడు పిల్లులున్న ఒకావిడ.

"గోళ్లతో గీరితే ఏమవుతుందండీ?"

"గీరుకోడానికే కదమ్మా. మీ సోఫా బతుకుతుంది."

"కూర్చుంటే విరగదు కదా?"

"ఏనుగు కూర్చున్నా విరగదు. లోపల పిల్లి పడుకుందంటే బయటికి తోక కూడా కనపడదు, అంత లోతు."

ఈ మాట అంటున్నప్పుడు నా చేతుల్లో ఉన్నది ఆ కన్నం పెట్టె. ఎప్పటికంటే బరువుగా తగిలింది. తేమ పట్టింది కాబోలు అనుకున్నాను.

మా సందులో ఎవర్నడిగినా చెప్తారు, వసారా స్తంభం దగ్గర అట్ట పెడితే అది పోచు అమాది. మేం అవ్వని అమా అంటాం. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, తోపుడు బండి మీద అట్టలు ఏరుకుని వంతెన కింద లియావ్ అన్న పాతకాగితాల గోదాములో వేస్తుంది. ఆమె ఎవర్నీ అడగదు, ఎవరూ ఆమెకి చెప్పరు. ఎవరైనా సామాను ఆరబెట్టుకుంటుంటే పక్కన ఒక కుర్చీయో బకెట్టో అడ్డం పెడతారు, నాది ముట్టుకోకు అని దానర్థం. ఆరేళ్లుగా మంగళవారం, శుక్రవారం వర్క్‌షాపు ముక్కలన్నీ తెచ్చి అదే స్తంభం దగ్గర పెడుతున్నది నేనే. ఫోను ధ్యాసలో బకెట్టు మర్చిపోయాను. ఆ రోజు శుక్రవారమన్న సంగతీ మర్చిపోయాను.

పదకొండింటికి గిన్నెలో చేప ముక్కలు వేసి నేల మీద రెండు దెబ్బలు వేశాను. రాలేదు. మళ్లీ వేశాను. బట్టలుతికే మిషను వెనక చూశాను, దుప్పట్ల మధ్య చూశాను, స్టవ్వు కింద చూశాను. ఒంటిగదిలో పిల్లిని వెతకడానికి ఎంతసేపు కావాలి? కాలుకాలిన పిల్లి అంటారే, అలా నేనే తిరిగాను. చివరికి ఆ పెట్టె ఉండాల్సిన ఖాళీలో నిలబడినప్పుడు, పొద్దున్న చేతులకి తగిలిన బరువు గుర్తొచ్చింది.

మెట్లు ఎలా దిగానో తెలియదు. స్తంభం దగ్గర ఒక్క పెట్టె కూడా లేదు.

పోచు అమా ఉండేది సందు చివర, ఒక పాత మేడ మెట్ల కింద తలుపు బిగించిన అరలో. బండి ఆ తలుపు ముందే ఉంది. దాని అడుగున అట్ట ముక్క ఒకటి, కత్తితో చీల్చింది, నా పెట్టెలకి నేను వేసే నీలం పువ్వు ముద్రతో కనపడింది. అది చూశాక నా ఒళ్లు నాకు తెలియలేదు. అమా గడపలో కూర్చుని మోకాళ్లకి మందు రాసుకుంటోంది. ఆరేళ్లుగా 'మీరు' అన్న నోటితో ఆ మనిషిని 'నువ్వు' అన్నాను.

"నా సామాను ఎత్తుకుపోయావా! దొంగదానా!"

ఎదురు మేడల్లో కిటికీలు తెరుచుకున్నాయి. నూడుల్స్ కొట్టతను గరిటె పట్టుకునే బయటికొచ్చాడు.

"ఏంటమ్మాయ్, నన్నేనా?" అంది అమా.

"నిన్ను కాక ఇంకెవర్ని? కన్నం ఉన్న పెట్టె ఏదీ? ఏం చేశావ్?"

"స్తంభం దగ్గర పెడితే నాదేగా. నువ్వే కదా ఎప్పుడూ..."

"కన్నం పెట్టె ఏదని అడుగుతున్నా! దొంగతనం చేసి పైగా కబుర్లు చెప్తావా?"

ఆమె చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాను. అమా ఒకసారి తన వెనకున్న తలుపు వైపు, ఒకసారి కిటికీల్లోని మొహాల వైపు చూసింది.

"అమ్మేశా. అన్నీ లియావ్ గోదాములో వేసేశా. నా దగ్గరేం లేవు."

ఇంకొక్క మాట అడగలేదు. చెయ్యి వదిలేసి పరుగెత్తాను.

గోదాము పావుగంట పరుగు. దగ్గరికి వెళ్లేసరికి కాళ్ల కింద నేల అదురుతోంది. అట్టల్ని నొక్కి బేళ్లు కట్టే మిషను తిరుగుతోంది. ఆ అదురు మువాజీకి తెలిసే ఉంటుంది, నేను పిలుస్తున్నాననుకుని ఉంటుంది అనిపించి గుమ్మంలోనే కేక పెట్టాను.

"ఆపండి! లోపల పిల్లి ఉంది! ఆపండి!"

లియావ్ అన్న చెవులకున్న మూతలు తీశాడు. "ఏంటమ్మా?"

"పిల్లి! నా పెట్టెలో పడుకుంది! పోచు అమా తెచ్చిన వాటిలో!"

వెంటనే మిషను ఆపించాడు. మంచివాడు. కానీ ఆయన మొహంలో జాలి కనపడింది, దాంతో నా ప్రాణం సగం పోయింది.

"అమా వేసి వెళ్లింది పదింటికి. తరవాత రెండు బేళ్లు దిగాయి. మూడోది మిషన్లో ఉంది."

"విప్పండి."

"ఒక్కోటీ నాలుగు వందల కిలోలమ్మా. ఒకవేళ పిల్లి ఉన్నా ఈపాటికి..." అని ఆగిపోయాడు.

"విప్పుతారా, ఆ కత్తెర నాకిస్తారా?"

కత్తెర ఇవ్వలేదు, తనే వంగి తీగలు కత్తిరించాడు. బేలు ఉబ్బి ఒక పక్కకి జారింది. గోళ్లతో పొరలు లాగడం మొదలుపెట్టాను. పాల డబ్బాలు, మందుల పెట్టెలు, చెప్పుల పెట్టెలు. ఒక్కో పొర ఎత్తేముందు కళ్లు మూసుకుని, మాజూ దేవతా, తల్లీ, ఎరుపు చూపించకు అనుకున్నాను. మొదటి బేలులో నావి ఏవీ లేవు. రెండోదాంట్లో నీలం పువ్వు కనపడింది. ఏనుగు కూర్చున్నా విరగదని చెప్పిన పెట్టె అప్పడంలా అయిపోయి ఉంది. దాని మీద తెల్లటి వెంట్రుకలు నాలుగు.

అక్కడే కూలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. లియావ్ అన్న ఆ ముక్కని తిప్పి చూసి, అడుగున అచ్చువేసింది పైకి చదివాడు.

"'నేను కాగితాన్ని. నా పని అయ్యాక నన్ను కాగితాల్లో కలపండి.' ఇది నువ్వు రాయించిందేనా?"

నేనే రాయించాను. ప్రతి పెట్టె అడుగునా ఉంటుంది. చెట్టుని నరకొద్దు, భూమిని పాడుచెయ్యొద్దు అని ఎక్కడికెళ్లినా ఉపన్యాసాలిచ్చే నేను, ఆ వాక్యం రాసిన రోజున ఎంత మురిసిపోయానో!

"చూడమ్మా, రక్తం లేదు," అన్నాడు. "వెంట్రుకలంటావా, పిల్లి ఉన్న ఇంట్లో అన్నం గిన్నెకీ ఉంటాయి. లే. ఎన్ని పెట్టెలు నీవి?"

"ఆరు."

అచ్చు ఉన్న అడుగులన్నీ వెతికి వరసగా పరిచాం. అయిదు తేలాయి. ఆరోది లేదు. లియావ్ అన్న భార్య మిషన్లోకి దిగి, సగం నొక్కిన మూడో బేలుని చేత్తో తవ్వడం మొదలుపెట్టింది. నేను కూడా దిగబోతున్నాను. గుమ్మంలో చక్రాల కిర్రు వినపడింది.

పోచు అమా. ఆ మోకాళ్లతో అంత దూరం బండి తోసుకుంటూ వచ్చింది. బండి మీద, తాడుతో పదిలంగా కట్టి, కన్నం ఉన్న పెట్టె.

"ఇదిగో నీ పెట్టె," అంది రొప్పుతూ. "అయిదే అమ్మాను. ఇదొక్కటీ గట్టిగా ఉందని, కూర్చోడానికి పనికొస్తుందని దాచుకున్నా. నువ్వట్లా అరిచేసరికి భయమేసి అబద్ధమాడాను. కానీ నేను దొంగని కాదు. ఇరవై ఏళ్లుగా ఆ సందులో ఉంటున్నా, ఒక్కరు కూడా ఆ మాట అనలేదు. లియావ్, నువ్వు సాక్ష్యం, అందరి ముందూ తిరిగిచ్చేస్తున్నా."

నేను ఒక్క దూకున వెళ్లి కన్నంలో భుజం దాకా చెయ్యి పెట్టాను. ఖాళీ. వేళ్లకి తెల్ల వెంట్రుకలు అంటుకొచ్చాయి.

"పిల్లేదీ?"

"ఏ పిల్లి?"

"దీంట్లో ఉన్న పిల్లి!"

అమా మొహంలో రంగు మారింది. "తెల్లదా? నీలి కళ్లది?"

"అదే! ఎక్కడుంది?"

"అది నీదా అమ్మాయ్? పెట్టె దించగానే తల బయటపెట్టింది. వానకి వీధి పిల్లేదో దూరిందనుకున్నా. చేప తలకాయ పెడితే తిని, మళ్లీ లోపలికెళ్లి పడుకుంది. నువ్వొచ్చి అరిచినప్పుడు కూడా అందులోనే ఉంది."

"ఇప్పుడు, ఇప్పుడెక్కడుంది?"

"నీ పెట్టె నీకిచ్చెయ్యాలిగా," అంది. "బయట పెట్టి వంచాను. రాలేదు. గట్టిగా దులిపాను. బెదిరిపోయి పెద్దరోడ్డు వైపు పరుగెత్తింది."

మిషన్లోంచి లియావ్ అన్న భార్య తల పైకెత్తింది. అమా బండి కర్ర పట్టుకుని నిలబడి, నా మొహంలోకి చూసి, సొంత మనవరాల్ని అడిగినట్టు అడిగింది.

"ఒసే జూ-యిన్, ముందే పిల్లి అని ఎందుకనలేదే? పిల్లి కోసం వచ్చావని తెలిస్తే నేను అబద్ధం ఎందుకాడతాను? ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చేదాన్ని కదే."

మెట్లు దిగుతున్నంతసేపూ నా నోట్లో ఉన్నది దాని పేరే. ఆ నీలం పువ్వు ముద్ర చూడగానే సామాను, పెట్టె, దొంగ అన్నవే వచ్చాయి. నోరు మంచిదైతే ఊరు మంచిది అని ఊరికే అన్నారా? నా నోటికి నా పిల్లి బలైంది.

మధ్యాహ్నానికి మళ్లీ ముసురు పట్టింది. పెద్దరోడ్డు మీద స్కూటర్లు గుంపులు గుంపులుగా పోతున్నాయి. ఆగి ఉన్న కార్ల కింద, మురుగు కాలువ మూతల దగ్గర, అంగళ్ల సందుల్లో, మోకాళ్ల మీద కూర్చుని రెండేసి దెబ్బలు వేస్తున్నాను. నేలంతా స్కూటర్ల అదురే. అందులో నా రెండు దెబ్బలు దానికెలా తెలుస్తాయి? హారన్ కొట్టినా వినపడని ప్రాణి అది. పొద్దున్న సందంతా దద్దరిల్లేలా అరిచాను, అది నాకు పది అడుగుల దూరంలో, తలుపు అవతల, కడుపు నిండి పడుకుని ఉంది.

రోడ్డుకి అవతలి వైపు పోచు అమా వెతుకుతోంది. మోకాళ్లు వంగక, స్తంభాల్ని పట్టుకుని వంగి, నేల మీద అరచెయ్యి వేస్తోంది.

"ఇట్లాగేనా అమ్మాయ్? రెండే కదా?" అని ప్రతి మలుపు దగ్గరా నన్ను అడుగుతోంది.

"రెండేనండీ," అంటున్నాను. క్షమించండి అనే మాట ఇంకా నోటిదాకా రాలేదు.

నాలుగైనా మువాజీ జాడ లేదు, లియావ్ అన్న వ్యాను మాత్రం మా సందులోకి వచ్చింది. ఆ కన్నం పెట్టెని ప్లాస్టిక్ గుడ్డలో చుట్టి తెచ్చి, నా మెట్ల మీద దింపి వెళ్లాడు. ఎక్కడా నలగలేదు, చుక్క తడి తగల్లేదు. అంతమంది ముందు గొంతు చించుకుని నేను అడిగింది దాన్నే.