కుళ్లాయప్ప పండుకుంటే చాలు

లారీ వచ్చే వేళయింది. కుళ్లాయప్ప కళ్లు మాత్రం చింతగింజల్లా మెరుస్తున్నాయి.

రామేశ్వరమ్మ కొడుక్కి పెరుగన్నం పెట్టింది. కాళ్లమీద వేసుకుని ఊపింది. చీర ఉయ్యాలలో వేస్తే వాడు తల బయటపెట్టి నవ్వాడు. రెండేళ్లవాణ్ణి మధ్యాహ్నం నిద్రపుచ్చడం రోజూ ఉండే యుద్ధమే. ఈరోజు మాత్రం ఆ నిద్రమీద మొగుడు ఆదెన్న ప్రాణం ఆధారపడి ఉంది.

ఆదెన్న బాంబుల కేసులో ఇరుక్కుని చిలమకూరు గుట్టల్లో తలదాచుకుంటున్నాడు. బాంబులు వేసిందెవరో జమ్మలమడుగులో అందరికీ తెలుసు. కేసులో పేరు మాత్రం పార్టీ జెండా మోసిన ఈ గొర్రెలకాపరిది. ఎన్నికలయ్యేదాకా కనబడొద్దని నాయకుడు చెప్పాడు. ఎన్నికలైపోయాయి, పార్టీ ఓడింది. ఇప్పుడు ఆ నాయకుడే కనబడటం లేదు.

రాత్రిళ్లు పోలీసులు ఇంటిని కాపు కాస్తున్నారు. అందుకే ఆదెన్న పట్టపగలు, ప్రొద్దుటూరు సంతకు పోయే గొర్రెల లారీలో వస్తున్నాడు. ఇంటి వెనక తొట్టిలో గొర్రెలు నీళ్లు తాగేంతసేపే ఉంటాడు. “బిడ్డ పండుకుంటే గోడమీద నా గొంగడి ఎయ్యి. అది లేకుంటే లారీ ఆగదు” అని కబురంపాడు.

బిడ్డకు వచ్చిన మొదటి మాట ‘నాయనా’. వీధిలో మోటారు సైకిలు చప్పుడైనా నాయనే వచ్చాడనుకుని అదే అరుస్తాడు. ఎదురింటి అరుగుమీద అవతలి పార్టీ రామసుబ్బయ్య ఎప్పుడూ చెవులు రిక్కించుకుని ఉంటాడు. ఆ ఒక్క అరుపు చాలు, జీపు రావడానికి.

ఆదెన్నకు తెలియనిది ఒకటుంది. అతను పోయినప్పటినుంచి బిడ్డ ఆ గొంగడి కప్పితే తప్ప నిద్రపోడు.

రామేశ్వరమ్మ కప్పింది. కళ్లు మూతపడ్డాయి. మెల్లగా లాగింది. కళ్లు తెరుచుకున్నాయి.

“ఏం మే, పండుకున్యాడా?” వాకిట్లోంచి అత్త అంకమ్మ అడిగింది.

“గొంగడి తీస్తే లేస్తాండాడత్తా.”

“వాళ్ల నాయన గుడ ఇంతే. పండుకున్యాడని నేను పక్కకు పోతే ఎనకాలే వచ్చి కొంగు పట్టుకునేటోడు.”

మళ్లీ కప్పింది, మళ్లీ తీసింది. ఆమెకు కావలసింది పెద్దదేం కాదు. గోడచాటున మొగుడి ముఖం ఒక్కసారి చూడాలి. తిన్నావా అని అడగాలి. ఇన్నాళ్లుగా ఆ ప్రశ్న గొంతులోనే ఉండిపోయింది.

లారీ చప్పుడు వినబడింది.

ఇక ఆమె ఆలోచించలేదు. గొంగడి లాక్కుని గోడమీదికి విసిరి, ఏడ్చే బిడ్డను చంకనేసుకుంది. లారీ ఆగింది. గొర్రెల అరుపులు విని బిడ్డ ఏడుపు మానేశాడు.

గోడ అవతలినుంచి ఆదెన్న తల పైకి లేచింది. గడ్డం మాసి, మనిషి సగమయ్యాడు. బిడ్డ మేలుకుని ఉండటం చూసి గోడ పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. రామేశ్వరమ్మ బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

బిడ్డ ఆ గడ్డం మనిషిని చూశాడు. తరువాత అతని వెనక ఉన్న గొర్రెలను చూశాడు. తల్లి మెడలో ముఖం దాచుకున్నాడు.

ఆమె మెల్లగా చెయ్యి తీసింది. వాడు ‘నాయనా’ అని అరవలేదు.

“నేనురా, కుళ్లాయీ,” అన్నాడు ఆదెన్న.

వాడు ఇంకా గట్టిగా తల్లిని కరుచుకున్నాడు.

“తిన్యావా మామా?”

అతను గోడమీదికి ఇంకొంచెం వంగాడు. బిడ్డ వీపునే చూస్తున్నాడు.

వీధి వైపునుంచి రామసుబ్బయ్య గొంతు వచ్చింది. “ఏం అంకమ్మా, ఎనకాల లారీ నిలబడిందే?”

“గొర్లకు నీళ్లప్పా. నీళ్లకు గుడ పార్టీ ఉందా ఏంది?”

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆదెన్న కదల్లేదు.

“ఒగసారి అనిపియ్ మే,” అన్నాడు. “నాయనా అని. గట్టిగానే అననీ.”

రామేశ్వరమ్మ వీధి వైపు చూడలేదు. బిడ్డ గడ్డం పట్టుకుని ముఖం గోడవైపు తిప్పింది.

“అను సామీ,” అంది. గొంతు తగ్గించలేదు. “నాయనా అను.”